ముప్పై ఒక్క గడులు

ఆసుపత్రి, రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం
ఏప్రిల్ 2

అన్నయ్యా,

ఎడమచేత్తో రాస్తున్నాను. నవ్వకు. ఇక్కడ చేతి వ్యాయామాలు చేయించే టీచరమ్మ రోజుకో పేజీ రాసి చూపించమంది. ఏం రాయాలని అడిగితే, "ఎవరినైనా తిట్టాలని ఉంటే వాళ్ళకి ఉత్తరం రాయండి, చెయ్యి తొందరగా తిరుగుతుంది" అంది. వెంటనే నువ్వు గుర్తొచ్చావు.

ఫోన్ చేస్తే "సరే సరే, బాగా తిను" అని పెట్టేస్తున్నావు. ఉత్తరానికైతే జవాబు రాయక తప్పదు. నా చెయ్యి ప్రెస్సు కింద పడిన నాలుగో రోజుకే నీకు బదిలీ ఏమిటి? అదీ ఫోర్‌మన్ ఉద్యోగంతో! కట్లు విప్పేటప్పుడు పక్కన నువ్వు ఉంటావనుకున్నాను. మీ బావ ఉన్నాడులే. ఉండి ఏం లాభం, చెయ్యి చూడగానే తనే కళ్ళు తిరిగి పడిపోయాడు. నర్సు ముందు ఆయన మొహం మీద నీళ్ళు కొట్టి, తరవాత నా దగ్గరికి వచ్చింది.

నాలుగు వేళ్ళు పోయాయి. బొటనవేలు మిగిలింది. డాక్టరు "అదృష్టవంతురాలివి" అన్నాడు. ఎవరినైనా వెక్కిరించడానికి తప్ప అదొక్కటీ ఇంకెందుకు పనికొస్తుందో నాకు తెలియలేదు.

పేజీ అయిపోయింది. భుజం లాగేస్తోంది.

నీ
చెల్లి

*

రెండో యూనిట్, ఫిట్టర్ల గది
ఏప్రిల్ 11

నా బుడంకాయకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అక్షరాలు బాగానే ఉన్నాయి, ఉత్తినే బెంగపెట్టుకోకు. నేను కుడిచేత్తో రాసేవాటికంటే నయం.

ఇక్కడ కొత్త యంత్రాలు దించుతున్నారు. నేను లేకపోతే బిగించేవాళ్ళు లేరట. ఉన్నపళంగా రమ్మంటే వచ్చేశాను. గది చిన్నది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది, మీ వదిన ఆ సందులోంచి పక్కకి తిరిగి వస్తుంది, పోతుంది. ఆపరేషన్ అయిన దగ్గర ఆమెకి ఇంకా అప్పుడప్పుడు లాగుతుందంటుంది. నీ గురించి రోజూ అడుగుతుంది.

ఆసుపత్రిలో వాళ్ళు పెట్టింది తిను. నచ్చలేదని అవతల పెట్టేయకు. ఎవరైనా కాగితాలు తెచ్చి సంతకం పెట్టమంటే తొందరపడకు. అలాగని తగవుకీ పోకు. మెల్లిగా అన్నీ సర్దుకుంటాయి.

నీ
అన్నయ్య

*

ఇంటి నుంచి
మే 20

అన్నయ్యా,

ఇంటికొచ్చి మూడు వారాలైంది. మీ బావ కుట్టుమిషను కిటికీ దగ్గర్నుంచి తీసి గోడవారకి జరిపాడు, మిషను చప్పుడుకి నేను ఉలిక్కిపడుతున్నానని. నాకు జడ కూడా ఆయనే వేస్తున్నాడు. దర్జీ అయ్యుండి మూడు పాయలు సరిగ్గా అల్లలేడు. పోయిన వారం నాకోసం ఒక తొడుగు కుట్టాడు. లేని నాలుగు వేళ్ళలోనూ దూది కూరి, అచ్చం చెయ్యిలాగే. తొడుక్కుని చూసుకుని, తీసి విసిరికొట్టాను. ఆయన అది తీసి దారపు డబ్బాలో పెట్టుకున్నాడు. రోజంతా నేను ఏడ్చాను.

అసలు సంగతి ఇది. మేనేజరు పళ్ళు పట్టుకుని ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, జేబులోంచి కాగితం తీశాడు. "నా అజాగ్రత్తవల్ల ప్రమాదం జరిగింది, కంపెనీ తప్పు ఏమీ లేదు" అని అందులో ఉంది. "వేలిముద్ర వేసినా చాలమ్మా" అన్నాడు. మీ బావ లేచి తలుపు తెరిచి నిలబడ్డాడు. పళ్ళు కూడా తిరిగి తీసుకెళ్ళమన్నాడు.

మర్నాడే లాయరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ గది మెట్ల కింద ఉంది, తల వంచుకుని వెళ్ళాలి, కానీ మనిషి తల వంచే రకం కాదు. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. యంత్రానికి రక్షణ లేకపోతే అది యజమాని తప్పు. ఆయన తప్పని తేలితే, చెయ్యి లేకపోయినా బతికున్నంతకాలం నాకు చెయ్యగలిగిన పని చూపించాలి. తప్పు నాదని తేలితే, కొద్దో గొప్పో ఇచ్చి ఇంటికి పంపేస్తారు. అజాగ్రత్త మనిషి అని కాగితం మీద ఉన్నదాన్ని ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు?

ఏం జరిగిందో నాకంటే నీకే బాగా తెలుసు. ప్రెస్సు ముందున్న జాలీ తలుపు మూస్తేనే ప్రెస్సు దిగాలి. డిసెంబరులో ఆ తలుపు స్విచ్చి పోయింది. మేనేజరు కట్టమంటే నువ్వు స్విచ్చికి తీగ కట్టావు. అప్పట్నుంచి జాలీ తెరిచి ఉన్నా ప్రెస్సు దిగుతూనే ఉంది. అచ్చులో వంకరగా పడిన డబ్బా మూత సరిచెయ్యడానికి నేను చెయ్యి పెట్టాను, దిగింది. అంతే కదా. నువ్వు వచ్చి ఈ నాలుగు ముక్కలు చెబితే చాలంది లాయరమ్మ. ఎప్పుడు వస్తావో రాయి.

నీ
చెల్లి

*

రెండో యూనిట్
జూన్ 15

చెల్లికి,

ఉత్తరం అందింది. పనుల ఒత్తిడిలో జవాబు ఆలస్యమైంది.

కోర్టులంటే మాటలు కాదమ్మా. చెప్పులరిగేలా తిరగాలి. వాళ్ళ లాయర్లు ఎక్కడెక్కడివో తవ్వి తీస్తారు. ఉన్నవీ లేనివీ అంటగడతారు. నువ్వసలే ముక్కు మీద కోపం ఉన్న మనిషివి, అక్కడ ఓర్చుకోలేవు. వాళ్ళు ఇస్తానన్నది పుచ్చుకుని ఊరుకుంటే మంచిదని నాకనిపిస్తోంది. పనిదేముంది, బావకి కాజాలు కుట్టడంలో సాయం చెయ్యొచ్చు. నేను కూడా నెలనెలా ఎంతో కొంత పంపిస్తాను.

నాకు సెలవు దొరకడం కష్టం.

అన్నయ్య

*

ఇంటి నుంచి
జూన్ 28

అన్నయ్యా,

కాజాలు కుట్టమన్నావు! బొటనవేలితో కాజాలు ఎలా కుడతారో ఒకసారి వచ్చి చూపించి పో.

నేను అడిగింది సెలవు కాదు, సాక్ష్యం. నువ్వు నీళ్ళు నములుతుంటే నాకు తెలియదనుకున్నావా? అయిదో నంబరు ప్రెస్సు పొడుగమ్మ మొన్న చూడ్డానికి వచ్చింది. తనే చెప్పింది, నీకు ఇచ్చిన ఫోర్‌మన్ ఉద్యోగం నీకంటే పెద్దవాళ్ళు ముగ్గురు అడిగితే ఇవ్వలేదట. నీకు మాత్రం అడక్కుండానే ఇచ్చారట. ఎందుకిచ్చారు? నా నాలుగు వేళ్ళకి బదులుగానా?

అమ్మ పోయిన ఏడాది నన్ను చంకనేసుకుని బడికి తీసుకెళ్ళినవాడివి. వేలు పట్టుకుని ప్రెస్సు మీద పని నేర్పినవాడివి. నువ్వు నన్ను అమ్ముకున్నావని పొడుగమ్మ అంటే దాన్ని ఇంట్లోంచి పొమ్మన్నాను. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. అమ్ముకున్నావా, లేదా? ఒక్క ముక్కలో రాయి.

*

రెండో యూనిట్
ఆగస్టు 30

చెల్లికి,

నీకెలా తోస్తే అలా అనుకో.

మీ వదిన నీకు రెండు జాకెట్లు కుట్టించింది, ఎడమచేత్తో పెట్టుకునేలా ముందువైపు పెద్ద గుండీలతో. పార్సిల్లో పంపుతున్నాను. వాటిమీద కోపం చూపించకు.

*

లాయరు గది, మెట్ల కింద
అక్టోబరు 9

ఫిట్టరు గారికి,

మీరు రాకపోయినా ఫర్వాలేదు. మీ అవసరం తీరిపోయింది.

ప్రమాదం జరిగిన రోజే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు నేను పనిచేసిన ఏడో నంబరు ప్రెస్సుకి సీలు వేసి, దాని మీద వేలాడుతున్న తనిఖీ కార్డు పట్టుకెళ్ళాడట. అది ఫైల్లో భద్రంగా ఉంది. ప్రతిరోజూ పొద్దున్న జాలీ, స్విచ్చి, బ్రేకు చూసి ఆ రోజు గడిలో ఫిట్టరు సంతకం పెట్టాలి. తమరు ఏనాడైనా అలా చేశారా? ఒకటో తారీఖున టీ తాగుతూ, నేను కార్డులు ఒక్కొక్కటే అందిస్తుంటే, పదకొండు యంత్రాలకీ నెల మొత్తం ఒకేసారి గీకేసేవారు. అందరూ చూసి నవ్వేవాళ్ళు, మేనేజరుతో సహా.

నాకు ప్రమాదం జరిగింది మార్చి పదకొండున. కార్డు మీద ముప్పై ఒకటో తారీఖు దాకా సంతకాలున్నాయి. సీలు వేసిన యంత్రాన్ని ఇంకో ఇరవై రోజులు ఎవరు తనిఖీ చేశారో చెప్పమని అడుగుతానంది లాయరమ్మ. ఆ మాట అంటూ ఆవిడ నవ్వింది. ప్రమాదం తరవాత నేను నవ్వడం కూడా అదే మొదలు. ఆ కంపెనీలో తనిఖీ అన్నదే పెద్ద నాటకమని, అది మేనేజరుకి తెలుసని ఆ ఒక్క కార్డే చెబుతుంది. కోర్టుకి తెప్పించమని నిన్ననే అర్జీ పెట్టాం. నవంబరు పద్దెనిమిదిన విచారణ.

మీకు కూడా సమన్లు వస్తాయి. అప్పుడు సెలవు దొరుకుతుందిలెండి.

*

రెండో యూనిట్
అక్టోబరు 21

బుడంకాయా,

నువ్వు ఎన్ని మాటలన్నా పడదామనుకున్నాను. ఏడు నెలలు పడ్డాను. కార్డు తెప్పిస్తున్నానని రాశావు కాబట్టి ఇంక దాచడానికి వీల్లేదు. కూర్చుని చదువు. బావని పక్కన ఉండమను.

తీగ కట్టింది నేనే. కట్టమన్నది మేనేజరే. కొత్త స్విచ్చి వచ్చేదాకా నడిపించు అన్నాడు, నోటితో అన్నాడు. నేను రాసిమ్మని అడగలేదు. అడిగితే ఆ పూటే ఇంటికి పంపేవాడని భయం. ఆ ప్రెస్సు మీద కూర్చునేది నువ్వే అని తెలిసి కూడా కట్టాను. ఇది నేను చచ్చేదాకా మోస్తాను, దీనికి ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇప్పుడు రెండోది. ఈ ఏడాది మార్చి ఒకటో తారీఖున నేను కార్ఖానాకి రాలేదు. గుర్తు తెచ్చుకో. మీ వదినకి ఆ రోజే ఆపరేషన్. నేను ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంటే నువ్వు ఫోన్ చేశావు. "కార్డుల సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు వదిన దగ్గరుండు" అన్నావు. భోజనాల వేళ పదకొండు కార్డులూ ముందేసుకుని నా సంతకం నువ్వు పెట్టావు. చిన్నప్పుడు మార్కులు తక్కువొస్తే ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం నువ్వే పెట్టుకునేదానివి, నాకంటే నీకే బాగా వచ్చు. నాకు పని తగ్గించడానికి అంతకుముందు కూడా రెండు మూడు నెలలు పెట్టావు. అందుకే నీకు విడిగా గుర్తులేదు. ఏ నెల ఎవరు పెట్టారో మనం ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు.

ఏడో నంబరు మార్చి కార్డు మీద ఉన్నవన్నీ నీ కుడిచేత్తో పెట్టినవే.

మేనేజరు ఆ మధ్యాహ్నం నిన్ను చూశాడట. ప్రమాదం జరిగిన మూడో రోజున నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "నువ్వు తీగ సంగతి ఎత్తితే మేం సంతకం సంగతి ఎత్తాలి. జాలీ బాగుందని రాసిచ్చిందే ఆ అమ్మాయి. ఇంక చెయ్యి ఎవరివల్ల పోయినట్టు? నువ్వే చెప్పు" అన్నాడు. రెండో యూనిట్‌కి వెళ్ళి నోరు మూసుకుని ఉంటే ఆ మాట ఆ గది దాటదన్నాడు. సరేనన్నాను.

నువ్వు నన్ను తిట్టుకుంటే తట్టుకోగలను. నిన్ను నువ్వు తిట్టుకుంటే చూడలేను. అందుకే అమ్ముకున్నావా అని అడిగినప్పుడు కూడా కాదని రాయలేదు. కాదంటే మరెందుకని అడుగుతావు.

విచారణకి నేను వస్తాను. కంపెనీ సాక్షిగా వస్తాను. సంతకం నాదేనని, చూడకుండా పెట్టానని, మేనేజరుకి ఏమీ తెలియదని చెబుతాను. అలా అయితే నీ పేరు బయటికి తియ్యరు. నిన్ను అడిగితే నువ్వు కూడా నాదేనను. ఇందులో మొండికెయ్యకు.

నీ
అన్నయ్య

*

ఇంటి నుంచి
జనవరి 17

అన్నయ్యా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ, నీకు నేను రాసిన పాత ఉత్తరాలు గుర్తొచ్చేవి. ఏ మొహం పెట్టుకుని రాయను?

గుర్తొచ్చింది. మొత్తం గుర్తొచ్చింది. ఆ రోజు పెన్ను సరిగ్గా రాయకపోతే అరచేతి మీద గీసి చూసుకున్నాను. పొడుగమ్మతో ఏదో మాట్లాడుతూనే గడులన్నీ నింపేశాను. ఒక్కసారి కూడా తలెత్తి జాలీ వంక చూడలేదు. అది నా ఎదురుగానే ఉంది.

లాయరమ్మకి చెప్పాను. ఆవిడ ఫైలు మూసి పక్కన పెట్టింది. తరవాత, "యంత్రం బాగుచేయించాల్సింది యజమాని. నువ్వు సంతకం పెట్టినా పెట్టకపోయినా చట్టం మారదు. కానీ ఈ మాట విన్నాక ఎదుటివాళ్ళు చట్టం గురించి మాట్లాడనివ్వరు, నీ గురించే మాట్లాడతారు. నేను వినలేదనుకుంటాను" అంది.

విచారణ రోజు నిజం చెప్పేద్దామనే వచ్చాను. ఒట్టు. మీ బావకి కూడా చెప్పాను, ఆయన సరేనన్నాడు. నువ్వు బోను ఎక్కి నిలబడ్డావు. ఎంత చిక్కిపోయావు! కంపెనీ లాయరు కార్డు చూపించి "ఇవి నీ సంతకాలేనా?" అన్నాడు. "నావేనండి. యంత్రం చూడకుండా పెట్టానండి. మేనేజరుగారికి తెలీదండి" అన్నావు. అప్పజెప్పిన పాఠంలా గడగడా చెప్పేశావు. తీగ ఎవరు కట్టమన్నారని మా లాయరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే "నా ఇష్టంతోనే కట్టానండి" అన్నావు. మేనేజరు కింద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

తరవాత జడ్జిగారు నన్ను అడిగారు. "మీ అన్నయ్య సంతకం మీకు తెలుసు కదమ్మా, ఇది ఆయనదేనా?" అని. కార్డు నా ముందు పెట్టారు. ఎంత చక్కటి సంతకాలో అన్నయ్యా! ఒక్కటీ వంకర పోలేదు. ఎడమచేత్తో ఇంత కాలంగా రాస్తున్నా నాకు అలాంటి గీత ఒక్కటీ రాలేదు. తీర్పు, పని, ఇల్లు, అన్నీ ఒక్కసారే కళ్ళముందు కదిలాయి. "మా... మా అన్నయ్యదే" అన్నాను. ఎవరూ నన్ను బెదిరించలేదు. గొంతు మీద ఎవరూ కత్తి పెట్టలేదు. నేనే అన్నాను.

నువ్వు అటువైపు గుమ్మంలోంచి వెళ్ళిపోయావు. నేను పిలవలేదు.

తీర్పు వచ్చింది. యంత్రానికి రక్షణ లేని మాట నిజమేనట. కానీ యజమాని జీతమిచ్చి ఫిట్టరుని పెట్టాడు, రోజూ చూడమన్నాడు, చూశానని ఫిట్టరు సంతకం చేశాడు. కాబట్టి యజమాని తన బాధ్యత తను నెరవేర్చినట్టేనట. నాకు ఎవరికైనా ఇచ్చే మామూలు పరిహారం ఇస్తారు. పని ఇవ్వక్కర్లేదు. పై కోర్టుకి వెళ్దామంది లాయరమ్మ, కానీ వెళ్తే ఆ కార్డు మళ్ళీ బయటికొస్తుంది. ఆవిడా గట్టిగా అనలేదు, నేనూ గట్టిగా అడగలేదు. ఏడో నంబరుకి సీలు తీసేశారట. ఎవరో కొత్తమ్మాయిని కూర్చోబెట్టారట.

నిన్ను ఉద్యోగంలోంచి తీసేశారని వదిన ఫోన్లో చెప్పింది. నువ్వు మాత్రం మాట్లాడలేదు.

నిన్న ఇంకో కాగితం వచ్చింది. నీ నిర్లక్ష్యంవల్ల ఒక మనిషికి అంగవైకల్యం కలిగిందని నీ మీద క్రిమినల్ కేసు. ఫిర్యాదు నేను చెయ్యలేదు, కంపెనీ చేసింది. సాక్షుల జాబితాలో మొదటి పేరు నాది. వచ్చే నెల మూడో తారీఖున నేను వెళ్ళి, అదే కార్డు చూసి, అదే మాట మళ్ళీ చెప్పాలి. ఈసారి చెబితే నిన్ను జైల్లో పెడతారు.

ఈసారి నిజం చెప్పనీ అన్నయ్యా. ఇచ్చిన పరిహారం వెనక్కి తీసుకుపోతే తీసుకుపోనీ. నువ్వు ఊఁ అంటే చాలు.

నీ
చెల్లి

*

అద్దె గది, వెనక వాటా
జనవరి 25

బుడంకాయా,

నిన్న ఇక్కడ ఒక లాయరుని కలిశాను. నీ ఉత్తరంలో ఉన్నదంతా ఎవరి సంగతో అన్నట్టుగా అడిగాను. ఆయన చెప్పింది రాస్తున్నాను, శ్రద్ధగా చదువు.

నువ్వు ఇప్పుడు మాట మారిస్తే, ముందు కోర్టులో అబద్ధం చెప్పావని నీ మీద ఇంకో కేసు పెడతారు. నీకు ఇచ్చింది వెనక్కి లాక్కుంటారు. నేను మాత్రం బయటపడను. సంతకం నాది కాకపోయినా తీగ నాదే. కట్టమన్నాడని చెప్పడానికి కాగితం లేదు, విన్న మనిషి లేడు. ఇద్దరం మునగడం తప్ప ఒరిగేది ఏమీ లేదు.

మీ వదిన ఒక బట్టల కొట్టులో చేరింది. నాకు ఎక్కడా పని దొరకలేదు, అడిగిన ప్రతిచోటా పాత కంపెనీకి ఫోన్ చేస్తున్నారు. అయినా ఇంట్లో వంట నేర్చుకున్నాను, తినగలిగేలాగే ఉంటోంది. నా గురించి బెంగపెట్టుకోకు.

మూడో తారీఖున నేను ముద్దాయి వైపు నిలబడి ఉంటాను. నా వంక చూడకు, చూస్తే నీకు ఏడుపొస్తుంది, వాళ్ళకి అనుమానమొస్తుంది. జడ్జి వంకే చూసి చెప్పు. కిందటిసారి తడబడ్డావు. ఈసారి తడబడకు.

నీ
అన్నయ్య